గాలిగోపురం బొమ్మ చేసేముందు

పాపా,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. తల్పగిరి రంగనాథస్వామి గాలిగోపురాన్ని చెక్కలో చేసి నెల్లూరు వచ్చిపోయేవాళ్లకు గుర్తుగా అమ్మాలన్న ఆలోచన నాకు బాగా నచ్చింది. పెట్టె మాత్రం నచ్చలేదు. దాని సంగతి తర్వాత చెప్తా.

గోపురం మీదుండే ప్రతి బొమ్మనూ చెక్కబోయావు. అరచేతిలో పట్టే ముక్కలో అంత పని పెడితే గరుకుగా కనిపిస్తుందే గానీ గోపురం అనిపించదు. రంగనాయకులపేటలో నిలబడి కళ్లు సగం మూసి పైకి చూడు. మిగిలేదేంది? పైకి పోనుపోను సన్నబడే అంతస్తులు, నెత్తిన ఏడు కలశాలు. ఆ రెండూ కుదిరితే చాలు. చెక్క ముట్టేముందు అట్టతో మూడు సైజుల్లో చేసుకో. ఇంట్లోవాళ్లకు చూపించబాక, వాళ్లు బాగుందనే అంటారు. బస్టాండులో టీ కొట్టాయన చేతికిచ్చి "ఇదేంది?" అని అడుగు. పేరు మాత్రం నువ్వు చెప్పబాక.

విరిగేది కలశాలే. నార నిలువుగా వచ్చేటట్టు చెక్క కోయించు. అడ్డనార మీద సన్నటి మొన తీస్తే గోరు తగిలినా ఊడొస్తుంది. కలశాలు విడిగా చేసి అతికించకుండా, ఏడింటినీ ఒకే ముక్కలో, మధ్య సందులు కొంచెం పూడ్చి చెక్కు. ఉప్పుకాగితం పట్టాక నడుమెత్తు నుంచి గచ్చు మీద పదిసార్లు పడెయ్. మనసొప్పదు, తెలుసు. అయినా పడెయ్. రైల్లో పై అరలో సంచి పెట్టేవాళ్లు నీకంటే నెమ్మదిగా పెట్టరు.

ఇక పెట్టె. ఒక ఎండాకాలం నేను జారుడు మూతల చెక్కపెట్టెలు నలభై చేశాను. మే నెలలో వేలితో తోస్తే జారేవి. నవంబరు వానలకు ఒక్క మూతా కదల్లేదు. కొన్నాయన ఒకాయన స్క్రూడ్రైవరు పెట్టి తీయబోయి మూత చీల్చుకున్నాడు. ఆయన మొహం నాకింకా గుర్తుంది. చెమ్మకు చెక్క నార పొడుగున పెద్దగా పెరగదు, అడ్డంగా ఉబ్బుతుంది. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. చెక్కమూత పెట్టాలనుకుంటే మొదటి పెట్టె ఆ మూడు నెలలూ నీ దగ్గరే ఉండాలి, ఆ తర్వాతే ఆర్డరు.

నువ్వు చేసింది అట్టపెట్టె, మంచిదే. కానీ చుట్టూ ఖాళీ వదిలి పాత పేపరు కుక్కావు. ఆ సిరా తెల్లచెక్కకు అంటుకుంటుంది. వరిగడ్డి అసలే వద్దు, చెమ్మా పురుగూ రెండూ తెస్తుంది. అట్టలోనే గోపురం ఆకారంలో గూడు కోసి బొమ్మను అందులో కూర్చోబెట్టు. ఊపితే చప్పుడు రాకూడదు.

పెట్టె మీద గోపురం ఫొటో తీసెయ్ పాపా. బొమ్మ పూజగదిలోకి పోతుంది, పెట్టె చెత్తబుట్టలోకి పోతుంది. కాళ్ల కింద పడేదాని మీద స్వామి గోపురం వద్దు. పెన్న అల ఒక్కటి గీయించు. చెంచా పిడి మీద గోపురం చెక్కుతానన్నావే, అదీ ఇందుకే వద్దు, ఎంగిలవుతుంది. చెంచాకు మా ఉదయగిరి దుర్గం కొండ గీత పెట్టుకో. 1514లో రాయలు ఈ దుర్గాన్ని గజపతుల నుంచి గెలిచి, ఇక్కడి బాలకృష్ణుణ్ణి హంపికి తీసుకుపోయాడని చిన్న కార్డు మీద రెండు వాక్యాలు చాలు. చెంచాకు వార్నీషు పూయబాక, నోట్లో పెట్టుకునే వస్తువది.

పెట్టెలో కట్టి అమ్మే సరుకు మీద చేసినవాళ్ల పేరు, చిరునామా, ఎన్ని ఉన్నాయో, నెల, సంవత్సరం, గరిష్ఠ ధర, ఫిర్యాదుకు ఫోను నంబరు ఉండాలని 2011 నాటి తూనికలు కొలతల నియమం. ఉదయగిరి చెక్క చెంచాలకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగు) ఉంది, వాడుకునేదానిగా నీ పేరు నమోదు చేయించుకోకుండా ఆ ముద్ర వేయబాక.

సంక్రాంతికి వచ్చేటప్పుడు గచ్చు మీద పడేసిన బొమ్మలన్నీ పట్టుకురా, విరిగిన ముక్కలతో సహా. ఎక్కడ విరిగిందో చూస్తే తర్వాతదానికి ఎంత మందం ఉంచాలో చెప్తాను.

మీ మామయ్య
ఉదయగిరి