స్కౌట్ కంట్లో పడటానికి ఫీజు కట్టాలా?

అట్లాంటాకు ఉత్తరాన కమ్మింగ్, ఆల్ఫరెట్టా వైపు కొత్తగా ఇళ్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాల నుంచి ఈ మధ్య ఒకే ప్రశ్న రకరకాలుగా వస్తోంది. "అన్నా, మావాడు తొమ్మిదో తరగతి. బేస్‌బాల్‌లో బంతి మంచి వేగంగా విసురుతాడు. వేసవి జట్టు కోచ్ ఏదో షోకేస్‌కు, అంటే ఫీజు కట్టి ఆట చూపించుకునే చోటికి, పంపమంటున్నాడు. అక్కడికి మేజర్ లీగ్ జట్లకు కుర్రాళ్లను వెతికిపెట్టే స్కౌట్లు వస్తారట. విమానం, హోటలు, ఫీజు కలిపితే వేలల్లో అవుతోంది. పంపమంటారా?"

తొమ్మిదో తరగతికి వద్దు. ఎందుకు వద్దంటున్నానో అర్థం కావాలంటే ఆ స్కౌట్ ఎవరి దగ్గర జీతం తీసుకుంటాడో, దేనికోసం వెతుకుతాడో తెలియాలి.

మేజర్ లీగ్ బేస్‌బాల్‌లోని 30 జట్లు ఏటా జులైలో కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకుంటాయి. 1965లో మొదలైన ఈ డ్రాఫ్ట్ ఒకప్పుడు పదుల రౌండ్లు సాగేది. 2021 నుంచి 20 రౌండ్లకు కుదించారు. అంటే అమెరికా, కెనడా, ప్యూర్టో రికో అన్నీ కలిపి ఏడాదికి సుమారు 600 మంది. ఐపీఎల్ వేలంలో లాగా ఒక ఆటగాడి మీద నాలుగు జట్లు పాట పెంచుకుంటూ పోవు. కుర్రాడి పేరు ఏ జట్టు పిలిస్తే ఆ జట్టుతోనే బేరం. పన్నెండో తరగతి పూర్తిచేసినవాడు అర్హుడే. కానీ నాలుగేళ్ల కాలేజీలో చేరితే మూడో ఏడాది ముగిసేదాకా, లేదా 21 ఏళ్లు నిండేదాకా ఆగాలి. రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీ అయితే ఆ నిరీక్షణ లేదు. కాబట్టి మీ తొమ్మిదో తరగతి పిల్లవాడితో జట్టుకు ఇంకో మూడేళ్లదాకా పని లేదు.

ప్రతి జట్టుకూ ప్రాంతానికి ఒక స్కౌట్ ఉంటాడు. వసంతకాలమంతా కారులోనే బతుకుతాడు, స్కూలు మైదానాల వెంట తిరుగుతాడు. అతనికి ఎవరైనా నచ్చితే పై స్థాయి స్కౌట్ వచ్చి సరిచూస్తాడు, ఆ తర్వాత స్కౌటింగ్ డైరెక్టర్ వస్తాడు. వీళ్లందరికీ జీతమిచ్చేది జట్టే. మీ దగ్గర ఒక్క డాలరు కూడా తీసుకోరు. స్కౌటింగ్ సేవ అంటూ మీకు బిల్లు పంపేవాడు వ్యాపారం చేసుకుంటున్నాడు. అది తప్పేమీ కాదు, కానీ అతన్ని జట్టు మనిషి అనుకోకండి. ఆ కంపెనీలు పిల్లలకు ర్యాంకులు కూడా ఇస్తాయి. ర్యాంకు కనబడగానే మనవాళ్ల చేయి జేబులోకి వెళుతుందని వాళ్లకు ఇప్పటికే అర్థమైనట్టుంది.

ఇక స్కౌట్ రాసుకునేదేమిటి? మార్కులు 20 నుంచి 80 దాకా. బ్యాటు బంతికి తగిలించడం, బలంగా కొట్టడం, పరుగు, విసురు, ఫీల్డింగ్ దేనికదే మార్కు. ఇందులో 50 అంటే స్కూలు పిల్లల సగటు కాదు, మేజర్ లీగ్ సగటు. మీవాడు జిల్లాలో అందరికంటే బాగా కొట్టినా ఇవాళ్టి మార్కు 30 దగ్గర ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. అందుకే ఇవాళ్టి మార్కు పక్కనే ఇంకో అంకె వేస్తారు, కొన్నేళ్ల తర్వాత ఏమవుతాడన్నది. అసలు పందెమంతా ఆ రెండో అంకె మీదే. దానికోసం భుజాల వెడల్పు చూస్తారు, మణికట్లు చూస్తారు, కంచె పక్కన నిలబడ్డ తండ్రి ఎత్తు కూడా చూస్తారు. (ఆ క్షణంలో మనం వెన్ను నిటారుగా పెట్టినా పెద్ద లాభం లేదు.) పుట్టిన తేదీ కూడా లెక్కలోకి వస్తుంది. ఒకే తరగతిలో ఇద్దరు సమానంగా ఆడుతుంటే చిన్నవాడికే మొగ్గు. ఆటలో పైచేయి ఉంటుందని పిల్లవాణ్ణి ఒక ఏడాది వెనక్కి ఉంచాలనుకునే తల్లిదండ్రులు ఇది గుర్తుంచుకోవాలి.

స్కౌట్లు మ్యాచ్‌కు చాలా ముందే వచ్చి కూర్చుంటారు. సాధనలో ఎలా విసురుతున్నాడు, మొదటి బేస్‌కు ఎన్ని సెకన్లలో చేరుతున్నాడు అన్నవి స్టాప్‌వాచ్‌తో కొలుస్తారు. కుడిచేతి బ్యాటర్ 4.3 సెకన్ల ప్రాంతంలో చేరితే మేజర్ లీగ్‌లో ఓ మోస్తరు కింద లెక్క. స్ట్రైకౌట్ (మూడు స్ట్రైకులకు అవుట్) అయ్యాక బ్యాటు ఎలా పెడుతున్నాడో, కోచ్ మందలిస్తే ముఖం ఎలా పెడుతున్నాడో కూడా చూస్తారు. బ్యాగు ఎవరు మోస్తున్నారన్నది సైతం వాళ్ల కంట పడుతుంది. ఆట మధ్యలో డగౌట్ దాకా పెరుగన్నం డబ్బా పట్టుకెళ్లే అమ్మలకు ప్రత్యేకంగా మనవి: ఇన్నింగ్స్ అన్నీ అయ్యాక పెట్టండి.

మన చుట్టుపక్కల పిల్లలకు చెప్పదగిన కథ కుమార్ రాకర్‌ది. అతను పిచర్, అంటే బ్యాటర్‌కు బంతి విసిరేవాడు. తండ్రి ట్రేసీ రాకర్ పేరున్న అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు, తల్లి లలిత భారతీయ కుటుంబం నుంచి వచ్చినామె. జార్జియాలోనే నార్త్ ఒకోనీ హైస్కూల్లో చదివాడు. 2018లో కొలరాడో జట్టు అతన్ని 38వ రౌండులో గానీ పిలవలేదు. ప్రతిభ లేక కాదు, వాండర్‌బిల్ట్ యూనివర్సిటీకి వెళ్లాలని గట్టిగా నిర్ణయించుకున్నాడని అందరికీ తెలుసు. మరుసటి ఏడాది డ్యూక్ యూనివర్సిటీ జట్టు మీద ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా 19 మందిని స్ట్రైకౌట్ చేశాడు. 2021లో న్యూయార్క్ మెట్స్ పదో పిలుపులో ఎంచుకుంది, కానీ వైద్య పరీక్షల తర్వాత ఒప్పందం కుదరలేదు. అతను స్వతంత్ర లీగ్‌లో ఆడి నిరూపించుకుంటే 2022లో టెక్సస్ రేంజర్స్ మూడో పిలుపుకే తీసుకుని 52 లక్షల డాలర్లు ఇచ్చింది. 2023లో మోచేతికి శస్త్రచికిత్స, 2024 సెప్టెంబరులో మేజర్ లీగ్‌లో తొలి మ్యాచ్.

మోచేయి అన్నాను కదా, ఈ ఒక్క విషయంలో మాత్రం పిసినారిగా ఉండండి. మేజర్ లీగ్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి పెట్టిన పిచ్ స్మార్ట్ నియమాల ప్రకారం 15, 16 ఏళ్లవాడు రోజుకు 95 బంతులకు మించి పిచ్ చేయకూడదు. 75 దాటితే నాలుగు రోజులు విశ్రాంతి. ఏడాదికి కనీసం నాలుగు నెలలు పోటీల్లో పిచింగే చేయకూడదు. మన పిల్లలకు అదనపు ప్రమాదం ఉంది. శనివారం బేస్‌బాల్‌లో పిచింగ్, ఆదివారం నాన్న క్రికెట్ జట్టులో ఫాస్ట్ బౌలింగ్. రెండో రోజు లెక్క కోచ్‌కు చేరదు, భుజానికి మాత్రం చేరుతుంది. కోచ్‌కు చెప్పండి.

హెచ్4 వీసాలో (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబాలకు ఇచ్చేది) ఉన్న పిల్లల సంగతి. డ్రాఫ్ట్‌కు పౌరసత్వం అక్కర్లేదు, ఇక్కడి హైస్కూల్లో గానీ కాలేజీలో గానీ చదివితే చాలు. సంతకం చేసి జీతం తీసుకోవాలంటే మాత్రం పని అనుమతి కావాలి. దానికి జట్లు క్రీడాకారులకిచ్చే పీ1 వీసా తెస్తాయి. 2006లో చట్టం మారాక మేజర్ లీగ్‌కు కింది మెట్లయిన చిన్న లీగ్‌ల ఆటగాళ్లకూ అది దొరుకుతోంది. హెచ్4 ఏమో 21వ పుట్టినరోజుతో ముగుస్తుంది, అది సరిగ్గా కాలేజీ మూడో ఏడాది, డ్రాఫ్ట్ వచ్చే సమయం. ముందే విద్యార్థి వీసా ఎఫ్1కు మారడం గురించి ఆలోచించండి. ఈలోగా ఏ బ్యాట్ల కంపెనీ అయినా ప్రచారానికి వంద డాలర్లు ఇస్తానంటే తీసుకోవద్దు. కాలేజీ క్రీడా నియమాలు ఒప్పుకున్నా, ఆ వీసాలో అది పని కిందకు రావచ్చు. ఈ ప్రశ్నలు కోచ్‌ను కాదు, ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను అడగాలి.

పన్నెండో తరగతిలో స్కౌట్ నిజంగా మీ ఇంటికే వస్తే టీ ఇచ్చాక అతను అడిగేది ఒకటే: ఎంతిస్తే కాలేజీ మానుకుని సంతకం చేస్తాడు? "మీకు తెలియనిదేముంది సార్, చూద్దాం" అనే మన మర్యాద అక్కడ పనికిరాదు. సంతకం చేస్తాడో లేదో తేలని కుర్రాడి మీద జట్టు తన వంతు వృథా చేసుకోదు. అంకె ముందే అనుకోండి. అనుకునేటప్పుడు ఇది లెక్కలో ఉంచండి: 2023 ఒప్పందంతో జీతాలు పెరిగాక కూడా ఆ ఏడాది కనీస జీతం అట్టడుగు చిన్న లీగ్‌లో 19,800 డాలర్లు, మేజర్ లీగ్‌కు ఒక్క మెట్టు కింద 35,800 ఉండేది. ఆట కుదరకపోతే తర్వాత కాలేజీ ఖర్చు జట్టే భరించేలా ఒప్పందంలో రాయించుకోవచ్చు. నోటిమాటగా వదిలేయకండి, సంతకానికి ముందే కాగితం మీద చూసుకోండి.

ఇప్పటికి స్కూలు జట్టు, మంచి మార్కులు, తిండి, నిద్ర చాలు. పదకొండో తరగతి వేసవిలో కోచ్ కాకుండా ఇంకెవరైనా వాడి ఆట గురించి వాకబు చేస్తుంటే, చెక్క బ్యాటుతో ఆడే ఒకటి రెండు పోటీలకు పంపండి. చూడాలని ఉబలాటంగా ఉంటే ఎమర్సన్‌లోని లేక్‌పాయింట్ మైదానాలు మనకు దగ్గరే. వేసవిలో ఒకరోజు వాణ్ణి తీసుకెళ్లి బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ వెనక, బంతి వేగం కొలిచే రాడార్ గన్‌లు పట్టుకున్నవాళ్ల వెనక వరుసలో కూర్చోండి. వాళ్లు ఎప్పుడు గన్ ఎత్తుతున్నారో, ఎప్పుడు దించేసి కబుర్లలో పడుతున్నారో వాడికే తెలుస్తుంది.