విలియం మార్షల్ నవల రాస్తున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

పన్నెండో శతాబ్దపు ఇంగ్లండ్ యోధుడు విలియం మార్షల్ మీద నువ్వు పంపిన అధ్యాయాలు చదివాను. గుర్రాల పరుగు, ఈటెల పోటీలు కళ్లకు కట్టాయి. అయితే నీ యోధుడికి ఇల్లు లేదు. నేను వెతికింది ఆ ఇంటి కోసమే.

1152లో న్యూబరీ దగ్గర స్టీఫెన్ రాజు అతని తండ్రి జాన్ మార్షల్ కోటను ముట్టడించాడు. జాన్ గడువు అడిగి, చిన్నవాడైన విలియంను బందీగా అప్పగించాడు. ఆ గడువులోనే కోటను బలపరిచాడు. మాట తప్పితే పిల్లవాణ్ణి ఉరితీస్తామన్నారు. ఇంతకన్నా మంచి కొడుకులను తయారు చేసుకునే సుత్తీ, దాగలీ తన దగ్గరే ఉన్నాయన్నాడు ఆ తండ్రి! రాజుకే మనసొప్పక వదిలేశాడు. ఇంతటి సంగతిని నువ్వు రెండు వాక్యాల్లో దాటేశావు. అక్కడ ఆగాలి. ఎందుకంటే, అదే విలియం పెద్దయి, వేల్స్‌లోని పెంబ్రోక్‌కు ఎర్ల్, అంటే ప్రభువు, అయ్యాక, జాన్ రాజు అడిగితే తన పెద్దకొడుకును, తర్వాత రెండోవాడు రిచర్డ్‌నూ బందీలుగా ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు అతని మనసు ఎలా ఉండి ఉంటుందో ఊహించడం నీ పని. నీ నవలకు ప్రాణం అందులోనే ఉంది.

భార్య ఇసబెల్‌ను పెళ్లిపందిట్లో చూపించి మరిచిపోయావు. అది అన్యాయం. 1189లో నలభై దాటిన అతనికి, అంతవరకూ చెప్పుకోదగ్గ భూమి లేనివాడికి, సిరి వచ్చింది ఆమె వల్లనే. ఐర్లాండ్‌లోని లీన్‌స్టర్ ఆమె పుట్టింటి ఆస్తి. 1207లో జాన్ రాజు పిలుపుపై ఇంగ్లండ్ వెళ్తూ, తనకున్నదంతా ఆమె ద్వారా వచ్చిందేనని విలియం తన సామంతుల ఎదుటే చెప్పాడు. గర్భవతి అయిన ఆమెను వాళ్లకు అప్పగించి వెళ్లాడు. శత్రువులు మీదపడితే ఆమె నిలబడింది.

ఆధారాల గురించి ఒక మాట. నువ్వు నమ్ముకున్న ఫ్రెంచి పద్యచరిత్ర, పందొమ్మిది వేల పంక్తులకు పైబడినది, అతని పెద్దకొడుకు రాయించినది. తండ్రి కీర్తి కోసం కొడుకు ఖర్చు పెట్టిన పుస్తకం అది. పొగడ్తను పొగడ్తగానే చదువు. కానీ అందులోనే, 1219లో క్యావర్షమ్‌లో మరణశయ్య మీద ఉన్న తండ్రికి పాట వినాలనిపించగా, కూతురు జోన్ సిగ్గుపడుతూ పాడిన ఘట్టం ఉంది. ఎలా పాడాలో అతనే సరిదిద్దాడట. అది ఎంత మాత్రం వదలకు.

అయిదుగురు కొడుకులూ వరసగా ఎర్ల్‌లయ్యారు. ఒక్కరికీ వారసుడు లేకుండానే 1245 నాటికి అందరూ పోయారు. ఎస్టేటు అయిదుగురు కూతుళ్ల శాఖలకు చీలింది. పెంబ్రోక్ చివరికి ఆ జోన్ కూతురికే దక్కింది. నీ కథను రణరంగంలో కాక ఈ కూతుళ్ల దాకా నడిపించు.

సంభాషణల్లో మన పౌరాణిక నాటకాల ధోరణి తగ్గించు. రెండో ప్రతి పంపేటప్పుడు వంశవృక్షం కూడా జత చెయ్యి. తాత, తండ్రి, మనవల్లో విలియంలూ జాన్‌లూ రిచర్డ్‌లూ మళ్లీ మళ్లీ వస్తుంటే పాఠకుడు తికమకపడతాడు.