అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ఎన్‌ఐటీ, ఎన్‌సీఏఏ అని రెండు జాతీయ టోర్నీలున్నాయి. ఒకే ఏడాది ఆ రెండు టైటిళ్లూ గెలిచిన జట్టు ఏది?

ఒక్కటే ఉంది: న్యూయార్క్ సిటీ కాలేజీ (సీసీఎన్‌వై), 1949-50 సీజన్‌లో. ఆ రోజుల్లో ఫీజు లేని ప్రభుత్వ కాలేజీ అది. జట్టులో ఎక్కువమంది నగరంలోని యూదు, నల్లజాతి కుర్రాళ్లే. కోచ్ నాట్ హోల్మన్.

అప్పట్లో ఎన్‌ఐటీ కూడా పెద్ద టోర్నీయే. అందులో కెంటకీ యూనివర్సిటీని 89-50తో చిత్తు చేశారు. ఫైనల్లో అప్పటి నంబర్ వన్ బ్రాడ్లీ యూనివర్సిటీని 69-61తో ఓడించారు. పది రోజులకే ఎన్‌సీఏఏ ఫైనల్లో ఎదురుపడింది మళ్లీ బ్రాడ్లీయే! ఈసారి 71-68. రెండు ఫైనల్సూ సొంత ఊళ్లోనే, మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగాయి. అది కలిసొచ్చిందనే నా అభిప్రాయం.

ఏడాది తిరక్కుండానే, 1951 ఫిబ్రవరిలో సీసీఎన్‌వై ఆటగాళ్ల అరెస్టులు మొదలయ్యాయి. పందెగాళ్ల దగ్గర డబ్బు తీసుకుని పాయింట్ల తేడా తగ్గించారన్నది ఆరోపణ. పందెం ఎంత తేడాతో గెలుస్తారన్నదాని మీద కాబట్టి మ్యాచ్ ఓడిపోనక్కర్లేదు. పది పాయింట్లతో గెలవాల్సిన చోట నాలుగుతో గెలిస్తే చాలు, పందెం తారుమారవుతుంది. కుంభకోణంలో బ్రాడ్లీ, కెంటకీ ఆటగాళ్లూ ఇరుక్కున్నారు.

తర్వాత ఒకే జట్టు రెండు టోర్నీలూ ఆడే వీలు లేకుండా పోయింది. కాబట్టి ఈ రికార్డును ఇప్పుడెవరూ అందుకోలేరు.