పాయింటర్లు అర్థం కాకపోతే సీఎస్‌ఈ వదిలేయాలా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో బీటెక్ సీఎస్‌ఈ మొదటి సంవత్సరం. సి ల్యాబ్‌లో లూపుల వరకు బాగానే చేసింది. అర్రేలు, పాయింటర్లు, స్ట్రక్చర్లు మొదలయ్యాక మిడ్‌లో మార్కులు పడిపోయాయి. ‘నాకు కోడింగ్ రాదు’ అని ఏడుస్తోంది. సి పాతబడిపోయింది, మూడు నెలల పైథాన్, డేటా సైన్స్ కోర్సులో చేర్చమని కొందరు, ఈసీఈకి మార్పించమని కొందరు అంటున్నారు. ఏది మంచిది? - ఒక తండ్రి

సార్, మీరు అడిగింది సి, పైథాన్ గురించే గానీ మీ అసలు భయం ‘తప్పు బ్రాంచిలో చేర్పించానా’ అని. లేదు, చేర్పించలేదు. ప్రతి ఏడాదీ మిడ్ మార్కులు వచ్చాక నాకు ఇదే ప్రశ్న వస్తుంది, అదీ ఇంటర్‌లో మంచి మార్కులు వచ్చినవాళ్ల ఇళ్ల నుంచే ఎక్కువ. రెండేళ్లు ఫార్ములాలు, షార్ట్‌కట్లు, బిట్లు అంటూ చదివిన పిల్లలకి బట్టీకి లొంగని మొదటి టాపిక్ ఇదే. పైగా జేఎన్‌టీయూ హైదరాబాద్ 2018లో తెచ్చిన ఆర్18 సిలబస్‌లో అర్రేలు, స్ట్రింగులు, స్ట్రక్చర్లు, పాయింటర్లు అన్నీ ఒకే యూనిట్‌లో కుక్కేశారు.

పాయింటర్ అంటే ఇంకో విలువ ఉన్న చోటు అడ్రస్‌ని దాచుకునే వేరియబుల్. ఇందులో నిజంగానే తికమక ఉంది. డిక్లరేషన్‌లో స్టార్ పెడితే ‘ఇది పాయింటర్’ అని, కింద మామూలు లైన్లో అదే స్టార్ పెడితే ‘ఆ అడ్రస్‌లో ఉన్న విలువ’ అని. పది ఇంట్‌ల (ఒక్కోటి 4 బైట్ల పూర్ణసంఖ్య) అర్రేకి మెయిన్‌లో, ఎన్ని బైట్లో చెప్పే సైజాఫ్ వేస్తే 40 వస్తుంది, దాన్నే ఫంక్షన్‌కి పంపి లోపల వేస్తే మన ల్యాప్‌టాప్‌లలో 8 వస్తుంది, ఎందుకంటే లోపలికి వెళ్లింది అర్రే కాదు, మొదటి ఎలిమెంట్ అడ్రస్ మాత్రమే. స్ట్రక్చర్‌లో ఒక క్యారెక్టర్, ఒక ఇంట్ పెడితే 5 బైట్లు కావాలి కదా, మామూలుగా 8 చూపిస్తుంది, మధ్యలో 3 బైట్లు కంపైలర్ ఖాళీగా వదిలేస్తుంది కాబట్టి. ఇవి విడమరిచి చెప్పకుండా రికార్డు మాత్రం నింపించేస్తే ఏ పిల్లకైనా తల తిరుగుతుంది.

తెల్ల కాగితం మీద ఇంట్‌లకి డబ్బాలు గీయమనండి, ఒక్కోదాని పైన 1000, 1004, 1008 అని అడ్రస్ రాయమనండి. పాయింటర్ ఇంకో డబ్బా, దాని లోపల 1000. ఒకటి కలిపితే 1001 కాదు, 1004 అవుతుందని తనే గీసి చూసుకోవాలి. తర్వాత రెండు సంఖ్యలు తారుమారు చేసే ఫంక్షన్‌ని పాయింటర్లు లేకుండా ఒకసారి, ఉండి ఒకసారి కాగితం మీదే నడపాలి. ఆ పైన స్ట్రక్చర్‌కి పాయింటర్, ఒక్కోటీ తర్వాతదాని అడ్రస్ దాచుకునే మూడు నోడ్‌ల లింక్డ్ లిస్ట్. పైథాన్ ట్యూటర్ అనే సైట్ సి ప్రోగ్రాములకి కూడా ఈ బొమ్మలన్నీ గీసి చూపిస్తుంది. కొన్ని వారాల పని, అంతే.

ఇక ఆ మూడు నెలల కోర్సు. పైథాన్ మీద నాకేం కోపం లేదు, గేట్‌లో 2024లో వచ్చిన డేటా సైన్స్ పేపర్ సిలబస్‌లో ఉన్నది పైథానే, కంప్యూటర్ సైన్స్ పేపర్‌లో మాత్రం సి. నా అనుమానమంతా, పునాది పడకముందే డేటా సైంటిస్ట్ అని సర్టిఫికెట్ చేతిలో పెట్టేవాళ్ల మీద. రెడీమేడ్ లైబ్రరీలో నాలుగు లైన్లు కాపీ చేయించి ప్రాజెక్ట్ అంటారు, ఇంటర్వ్యూలో ఆ లైన్ ఏం చేస్తుందని అడిగితే పిల్లలు నోరెళ్లబెడతారు. పోనీ పైథాన్‌లో ఈ బాధ తప్పుతుందా? ఒక లిస్ట్‌ని ఇంకో పేరుకి ఇచ్చి అందులో ఒక విలువ మారిస్తే మొదటి పేరులోనూ మారిపోతుంది, అక్కడా ఇదే గొడవ, కాకపోతే కనిపించదు. ఈసీఈ మాట ఎవరన్నారో గానీ, పరికరాల లోపలి చిప్‌లకి ప్రోగ్రాములు రాసే ఎంబెడెడ్ వైపు వెళ్తే రిజిస్టర్ల అడ్రస్‌లతో నేరుగా పాయింటర్ల మీదే పని.

కొంచెం కటువుగానే అంటాను, ఏమీ అనుకోకండి. ఇంతమందిని సలహా అడిగారు, ఏ ప్రోగ్రామ్ దగ్గర ఆగిపోయావమ్మా అని అమ్మాయిని అడిగారా? మీకు సి రాకపోయినా పర్లేదు, పక్కన కూర్చుని ఆ డబ్బాలు చెప్పించుకోండి, చెప్పలేక తడబడే చోటే తన సందేహం దొరుకుతుంది. ఎదురింటి అబ్బాయి ప్యాకేజీ కబుర్లు ఈ సెమిస్టర్ అయ్యేదాకా ఇంట్లోకి తేకండి. ఒక్క మిడ్‌లో మార్కులు తగ్గితే కొంపలేం మునగవు.

కోర్సుకి అడ్వాన్స్ కట్టకపోతే ఆగండి. ఐఐటీ ఖరగ్‌పూర్ సి పాఠాలు ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల సైట్‌లో ఉచితంగా ఉన్నాయి, ముందు అవి చూడనివ్వండి. పైథాన్ మీద తనకే ఆసక్తి ఉంటే వేసవి సెలవుల్లో మొదలుపెట్టుకోవచ్చు.