లంకమలలో వాగు నీళ్లు తాగొచ్చా?

కడప జిల్లా లంకమల అడవిలో ఉన్న శివక్షేత్రం నిత్యపూజకోన దారిలో వాగు నీళ్లు తేటగా ఉంటాయి, అట్లే తాగొచ్చా అని అడిగారు. వద్దండి. తేటగా ఉన్నంత మాత్రాన క్రిములు లేనట్టు కాదు. ఎగువన పశువులు దిగి ఉండొచ్చు, శివరాత్రి జనం సంగతి సరేసరి. సిద్ధవటంలోనే సరిపడా నీళ్లు నింపుకోవడం మేలు.

చాలకపోతే కాచుకోవడమే నమ్మకం. నీళ్లు బాగా మసలడం మొదలయ్యాక 1 నిమిషం చాలు. (ఎత్తు 2,000 మీటర్లు దాటితే 3 నిమిషాలు, మన కొండలకు ఆ బాధ లేదు.) కానీ ఎండాకాలం అడవిలో పొయ్యి రాజేయడం నిప్పుతో చెలగాటమే. అప్పుడు క్లోరిన్ బిళ్లలు వాడండి. ముందు పంచెను నాలుగు మడతలేసి నీళ్లు వడగట్టాలి, బురద ఉంటే క్లోరిన్ దానికే ఖర్చైపోతుంది. బిళ్ల కరిగాక మూత కాస్త వదులు చేసి సీసాను వంచండి, మూత చుట్ల సందులో ఉన్న పచ్చి నీళ్లు కూడా కడుక్కుపోవాలి. కనీసం 30 నిమిషాలు ఆగాకే తాగాలి. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి మాత్రం క్లోరిన్‌కు లొంగదు, కాస్తే చస్తుంది.

దొడ్డికి పోవాలంటే వాగుకు కనీసం 60 మీటర్ల దూరం పోండి, సబ్బుతో చేతులు కడగండి. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ తాగించండి. రక్తం పడితే ఆసుపత్రికే.