పర్లాకిమిడిలో కొట్టు, పాతపట్నంలో బేరం: జీఎస్టీ రిటర్ను ఎలా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడిలో బట్టల కొట్టు. పన్నుతో కలిపి ఏడాదికి సుమారు 63 లక్షల అమ్మకం. సరుకు విశాఖ, విజయవాడల నుంచి వస్తుంది. సరిహద్దు దాటి ఆంధ్రలోని పాతపట్నంలో ఒక చిన్న షాపుకి టోకుగా కూడా వేస్తాం. ఆ షాపుకి జీఎస్టీ నంబరు ఉంది. మూడు నెలలకోసారి రిటర్ను వేసే పద్ధతిలో ఉన్నాం. పండగ సరుకుకి డబ్బంతా పెట్టేయడంతో రెండు విడతల రిటర్ను ఆగిపోయింది. ఈ తలనొప్పి వదిలించుకుని, అమ్మకం మీద ఒక శాతం పన్ను కట్టేసే కాంపోజిషన్‌లోకి మారిపోతే మంచిదా?

జవాబు: మారే సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆగిపోయిన రెండూ వేసేయండి. పాతది కట్టనిదే పోర్టల్ కొత్తది తీసుకోదు. మీరు భయపడుతున్నంత ఖర్చేమీ కాదు. మీ స్థాయి అమ్మకానికి 3బీ (పన్ను కట్టే రిటర్ను) ఆలస్య రుసుము రోజుకి 50 రూపాయలు, ఒక్కో రిటర్నుకి 2,000 దాటదు. క్రెడిట్ (సరుకు కొన్నప్పుడు మీరు కట్టిన పన్ను) పోను చేతి నుంచి కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ, అంటే మన లెక్కలో రూపాయిన్నర వడ్డీ. 15,000 బాకీ ఆరు నెలలు ఆగితే 1,350. బజారులో ఇంతకంటే ఎక్కువ వడ్డీకి తెచ్చి సరుకు కొనేవాళ్లు ఎంతమంది లేరు!

అసలు నష్టం వేరే చోట ఉంది. 3బీ ఆగితే తర్వాతి విడత జీఎస్టీఆర్-1 (అమ్మకపు బిల్లులు చూపించే రిటర్ను) కూడా ఆగిపోతుంది. అది పడకపోతే మీరిచ్చిన బిల్లు పాతపట్నం షాపాయన 2బీలో (ఆయనకి వచ్చే క్రెడిట్ జాబితాలో) కనిపించదు, ఆయనకి క్రెడిట్ రాదు. మీకు కట్టిన పన్నునే ఆయన మళ్లీ తన జేబులోంచి కట్టుకోవాలి. ఒకసారి ఊరుకుంటాడు, రెండోసారి టెక్కలి పోయి కొనుక్కుంటాడు. పైగా రెండు విడతలు వరసగా తప్పితే మీరు పంపే సరుకుకి ఈ-వే బిల్లు (సరుకు రవాణా పత్రం) తీయడం ఆపేస్తారు.

రిటర్ను వేసే ముందు పాతపట్నం బిల్లులన్నీ ఒకసారి తీసి చూడండి. సరిహద్దు కొట్లలో నేను ఎక్కువగా చూసే తప్పు ఇక్కడే. నాలుగడుగుల దూరమే కదా అని లోకల్ బిల్లులాగే, రాష్ట్రం లోపలి అమ్మకానికి వేసే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వేసేస్తారు. మీ జీఎస్టీ నంబరు ఒడిశాది కాబట్టి 21తో మొదలవుతుంది, ఆయనది ఆంధ్రది, 37తో. సరుకు అటు వెళ్తోంది కాబట్టి ఐజీఎస్టీ (వేరే రాష్ట్రానికి అమ్మితే వేసే పన్ను) వేయాలి. ఇంకా చూపించని బిల్లులైతే ఇప్పుడే సరిచేసి వేయండి. ఇదివరకే తప్పు పద్దు కింద కట్టేసి ఉంటే, ఐజీఎస్టీ కట్టి, ముందు కట్టినది వాపసు అడగండి. ఐజీఎస్టీ కట్టిన రోజు నుంచి రెండేళ్లు గడువు. ఈ పొరపాటుకి వడ్డీ లేదు.

కౌంటరు బేరం మాటేమిటంటే, పాతపట్నం నుంచి వచ్చి చీర కొనుక్కుని వెళ్లే ఆవిడకి ఊరూ పేరూ లేకుండా బిల్లు ఇస్తే అది ఒడిశా అమ్మకమే. బిల్లు మీద ఆమె చిరునామా గానీ, కనీసం ఆంధ్ర అని గానీ రాశారో, ఐజీఎస్టీ అవుతుంది. కౌంటర్లో కుర్రాడికి ఈ సంగతి చెప్పి పెట్టండి.

ఇక కాంపోజిషన్. మీ సరుకు చాలా మటుకు 5 శాతం పన్నుది అనుకుని, నూటికి పాతిక లాభం వేసుకుంటున్నారని లెక్క కడతాను. ఇప్పటి పద్ధతిలో పన్ను కాక 48 లక్షలకి కొని 60 లక్షలకి అమ్ముతున్నారు. మిగిలేది 12 లక్షలు, మీ చేతి నుంచి ప్రభుత్వానికి వెళ్లేది 60,000. కాంపోజిషన్‌లో క్రెడిట్ లేదు కాబట్టి అదే సరుకు 50 లక్షల 40 వేలు పడుతుంది. అవే ధరలకి అమ్మి 63 లక్షలు తెచ్చినా, 1 శాతం కింద 63,000 కట్టాక మిగిలేది 11 లక్షల 97 వేలు. ఏడాదికి మూడు వేలు తక్కువే! పైగా మారేనాటికి కొట్లో ఉన్న సరుకు మీద తీసుకున్న క్రెడిట్ తిరిగి కట్టాలి. పది లక్షల సరుకుంటే అదో యాభై వేలు. అన్నిటికంటే పెద్ద అడ్డంకి, కాంపోజిషన్‌లో ఉన్నవాళ్లు వేరే రాష్ట్రానికి సరుకు వేయకూడదు. పాతపట్నం బేరం వదులుకోవాలి.

ఒక్కోటి 2,500 రూపాయలు దాటిన రెడీమేడ్ బట్టల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం పన్ను. మీ అమ్మకంలో పెళ్లి లెహంగాలు, షేర్వానీలే ఎక్కువైతే పై లెక్క తిరగబడి కాంపోజిషన్ లాభమనిపించవచ్చు. చీరల కొట్టుకి అయితే నేను మారమని చెప్పను. మారాలనే ఉంటే కొత్త ఆర్థిక సంవత్సరానికి ముందు, మార్చి 31 లోపు పోర్టల్‌లో తెలియజేయాలి.

మీకు కావాల్సింది పద్ధతి మార్పు కాదు, వేరే బ్యాంకు ఖాతా. పై లెక్క ప్రకారం ప్రతి వంద అమ్మకంలో ప్రభుత్వానిది దాదాపు రూపాయి. వారానికోసారి గల్లా లెక్క చూసినప్పుడు లక్షకి వెయ్యి చొప్పున ఆ ఖాతాలో వేసేయండి. పండగొచ్చినా, చవగ్గా సరుకొచ్చినా దాన్ని ముట్టుకోవద్దు. త్రైమాసికంలో మొదటి రెండు నెలల పన్ను ఆ తర్వాతి నెల 25 లోపు చలానాతో అందులోంచే కట్టండి. త్రైమాసికం ముగిశాక జీఎస్టీఆర్-1 13వ తేదీకి, 3బీ 24కి. ఆంధ్రలో 3బీ గడువు 22. పాతపట్నం వాళ్లు చెప్పే తేదీ చూసి కంగారు పడకండి.

మరొక్కటి. పోర్టల్లో ఎవరి ఫోన్ నంబరు ఉందో చూసుకోండి. చాలా కొట్లకి అకౌంటెంటుదే ఉంటుంది, ఓటీపీలూ నోటీసులూ ఆయనకే వెళ్తాయి. మీ నంబరు పెట్టించండి.