ఆటోఫజీ కోసం మూడు రోజులు పస్తుండవచ్చా?

ప్రశ్న: నా వయసు 58. పదేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతున్నాను. మా నాన్నగారికి 72వ ఏట పార్కిన్‌సన్స్ వ్యాధి వచ్చింది. నోబెల్ పొందిన ఒక జపాన్ శాస్త్రవేత్త పరిశోధన ప్రకారం 72 గంటలు ఏమీ తినకుండా ఉంటే ఆటోఫజీ మొదలై పాడైన కణాలన్నీ పోతాయని, ముసలితనం, నరాల జబ్బులు దరిచేరవని చదివాను. నెలకోసారి అలా చేయవచ్చా?

జవాబు: చేయవద్దు. గ్లిమెపిరైడ్ మీరు తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటుంది కాబట్టి, ఆ మాత్ర వేసుకుని పస్తుంటే షుగర్ ప్రమాదకరంగా పడిపోయి స్పృహ తప్పే అవకాశం ఉంది. అలాగని మాత్రను మీ అంతట మీరే ఆపేయడమూ సరికాదు.

మీరు చెప్పిన శాస్త్రవేత్త యోషినోరి ఒసుమి. ఆయనకు 2016లో నోబెల్ వచ్చిన మాట నిజమే కానీ, 72 గంటల లెక్క ఆయన పరిశోధనలోది కాదు. ఆటోఫజీ అంటే కణం తన లోపలి పాడైన, అనవసరమైన పదార్థాలను తానే జీర్ణం చేసుకోవడం. దాని గురించి ఆయన పనిచేసింది ఈస్ట్ (పిండిని పులియబెట్టే సూక్ష్మజీవి) కణాల మీద. ఈస్ట్ కణంలో అనవసరమైన పదార్థాలను జీర్ణం చేసే వాక్యూల్ అనే సంచి ఉంటుంది. జీర్ణం చేసే ఎంజైములు లోపించిన ఈస్ట్‌ను తీసుకుని, దానికి పోషకాలు అందకుండా చేస్తే, లోపలికి చేరినవి కరగక అక్కడే పోగుపడాలి కదా అన్నది ఆయన ఆలోచన. కొన్ని గంటల్లోనే ఆ సంచి చిన్న చిన్న బుడగలతో నిండిపోయి, అవి లోపల కదులుతూ ఉండటం మామూలు మైక్రోస్కోపులోనే కనిపించింది. తర్వాత, 1993లో, ఈ ప్రక్రియకు అవసరమైన 15 జన్యువులను ఆయన బృందం గుర్తించింది. ఆకలి ఈ ప్రక్రియను పెంచుతుందన్నది అక్కడ స్పష్టంగా తేలింది. మనిషి ఎన్ని గంటలు పస్తుండాలన్న ప్రశ్న అసలు అక్కడ లేదు.

ఇంకో సవరణ. ఆటోఫజీలో పోయేది కణం కాదు, కణం లోపలి పాడైన ప్రొటీన్లు, పనికిరాని మైటోకాండ్రియా (కణానికి శక్తిని తయారుచేసే భాగాలు) వంటివి. ఇంట్లో రోజూ జరిగే ఊడ్పులాగా అది అన్ని వేళలా ఎంతో కొంత జరుగుతూనే ఉంటుంది, పస్తుతో కొత్తగా మొదలయ్యేది కాదు.

వయసుతో, నరాల జబ్బులతో దీనికి సంబంధం ఉందన్న మాట మాత్రం గట్టిదే. మెదడు కణాల్లో ఆటోఫజీ జన్యువులను తొలగించిన ఎలుకల్లో ప్రొటీన్ ముద్దలు పేరుకుపోయి నడక, కదలికలు దెబ్బతిన్నాయని 2006లో జపాన్ పరిశోధకులు చూపారు. పార్కిన్‌సన్స్‌లో వంశపారంపర్యంగా వచ్చే కొన్ని రకాలకు కారణమైన పింక్1, పార్కిన్ జన్యువులు పాడైన మైటోకాండ్రియాను తొలగించే పనికి సంబంధించినవే. అమెరికా శాస్త్రవేత్త బెత్ లెవీన్ బృందం 2018లో, ఆటోఫజీ ఎక్కువగా సాగేలా ఒక జన్యువును మార్చిన ఎలుకలు ఎక్కువ కాలం బతికాయని ప్రకటించింది. అయితే అది పుట్టుకతోనే ఉన్న మార్పు, అప్పుడప్పుడూ చేసిన ఉపవాసం ఫలితం కాదు. పైగా ఆటోఫజీ ఎంత పెరిగితే అంత మంచిదనుకోవడానికీ లేదు. క్యాన్సర్ మొదలవకుండా అడ్డుపడే ఈ ప్రక్రియనే, ముదిరిన కొన్ని కణితులు తమ మనుగడకు వాడుకుంటాయి.

మనిషి ఒంట్లో ఆటోఫజీ ఎంత జరుగుతోందో చెప్పే రక్తపరీక్ష ఏదీ ఆసుపత్రుల్లో వాడుకలో లేదు. అందుకే "ఇన్ని గంటలకు మొదలవుతుంది" అని గంటల పట్టికలు వేసి చెప్పేవారిని నేను నమ్మను. ఒక రోజు పస్తు ఎలుకకు చాలా పెద్ద పరీక్ష, దాని బరువులో చెప్పుకోదగిన భాగం తగ్గిపోతుంది. ఆ లెక్కను మనిషికి యథాతథంగా తేలేము. 58 ఏళ్ల వయసులో తరచూ రోజుల తరబడి పస్తులుంటే కండ తగ్గిపోతుంది, దాన్ని తిరిగి తెచ్చుకోవడం కష్టం.

రాత్రి భోజనం తొందరగా ముగించి ఉదయం వరకు విరామం ఇవ్వాలనుకుంటే, ముందు మీ డాక్టర్‌తో మాట్లాడి గ్లిమెపిరైడ్ మోతాదు మార్చాలేమో తేల్చుకోండి. చెమటలు, వణుకు, గుండె దడ, తికమక కనిపిస్తే గ్లూకోమీటర్‌తో చూసుకోండి. 70 కంటే తక్కువ ఉంటే వెంటనే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని పావుగంట తర్వాత మళ్లీ చూడాలి. వ్యాయామం మానవద్దు; కండరాల్లో ఆటోఫజీని అదీ పెంచుతుందని ఎలుకల్లో తేలింది.

ఇక మీ నాన్నగారి జబ్బు సంగతి. ఆ వయసులో వచ్చే పార్కిన్‌సన్స్ ఎక్కువ మందిలో నేరుగా వారసత్వంగా సంక్రమించదు, మీకు ముప్పు కాస్త ఎక్కువే అయినా అది వచ్చి తీరుతుందని కాదు. చెయ్యి ఊరికే ఉన్నప్పుడు వణకడం, చేతిరాత చిన్నదైపోవడం, నడకలో ఒక చెయ్యి ఊగకపోవడం గమనిస్తే న్యూరాలజిస్టును కలవండి.